బండి మనది, బాట యెవరిది?

సొంతవస్తువునెడల మనుజునకుగల మమకారము సహజమైనది. ఇల్లు కట్టుకొన్నవాడు గడపకు పసుపు పూసి గుమ్మమునకు తోరణము గట్టును. ఎడ్లను పెంచువాడు కొమ్ములకు రంగు పూసి మెడలో మువ్వలు గట్టును. వస్తువును మన యభిరుచికి దగినట్లు దిద్దుకొన్నప్పుడే యది నిజముగా మనదైనట్లు తోచును. కాబట్టి కారు కొన్నవాడు దానికి పెద్దచక్రములు వేయింపవలెననియు, దీపములు మార్పవలెననియు, ముందువైపున ఉక్కుకమ్ములు బిగింపవలెననియు కోరుటలో నాశ్చర్యము లేదు. అట్టివానితో “అయ్యా, యీ మార్పులను చట్టము సమ్మతించునా? బీమా కంపెనీవారికి దెలిపితిరా?” అని యన్నచో, “నా సొమ్ముతో కొన్న బండి. నా యిష్టమువచ్చినట్లు మార్చుకొందును. దీనివలన నెవరికేమి నష్టము?” అని బదులు చెప్పును.

ఈ ప్రశ్న పైకి చిన్నదిగా గన్పట్టును. కాని స్వత్వమునకు హద్దెక్కడ, మౌనముగా నుండుట యెప్పుడసత్యమగును, మన ముచ్చటకు మూల్యము చెల్లించువారెవరు అను మూడు ప్రశ్న లిందులో నిమిడియున్నవి. చదువరులు సావకాశముగా విచారింపదగిన విషయ మిది. ఏలయన నేడు కారు ధనికుల యింట మాత్రమే యుండు వస్తువు గాదు. ఉద్యోగియు, వర్తకుడును, రైతును అప్పుచేసియైన కొనుచున్న వస్తువు.

ముందుగా నీ మార్పులెట్టివో చూతము. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము మొదలగు నగరములలో కారుసామాను లమ్ము అంగళ్లవీథికి బోయినచో పూట గడువకముందే బండి రూపమును మార్చి యిత్తురు. వానిలో గొన్ని కేవలాలంకారములు: కాళ్లక్రింద పఱచు చాపలు, పాటలపెట్టె, సువాసనబుడ్డి. వీనివలన నెవరికిని బాధ లేదు. కొన్ని బండి స్వభావమునే మార్చునవి: ముందుభాగమున ఉక్కు గార్డులు, అద్దములకు నల్లని ఫిలిములు, అధికశక్తిగల దీపములు, గుండెలదరు హారనులు, ఫిరంగివలె మ్రోగు సైలెన్సరులు, హద్దుమీఱిన టైర్లు, బండిని నేలకు దింపు లేక పైకెత్తు స్ప్రింగులు, ఇంజను వేగమును శాసించు కంప్యూటరులోని లెక్కలను తిరగవ్రాయుట, పెట్రోలుబండిని గ్యాసుబండిగా మార్చుట. ఈ రెండవ తరగతి మార్పులను గూర్చియే మన విచారము.

“నా వస్తువు నా యిష్టము” అను వాదమును మొదట పరిశీలింతము. పెరటిలోని నూతికి గిలక యెట్టిది వేసికొన్నను అడుగువారు లేరు. ఆ గిలక విఱిగినచో దెబ్బ తగులునది మన చేతికే. కాని ఊరిచెఱువు తూమును మనమొక్కరమే మార్చుటకు వీలులేదు. ఆ తూముక్రింద నూఱుకుటుంబముల పంట యున్నది. కారు పెరటిలో నిలిచియున్నంతవఱకు నూతిగిలకవంటిది. బాటపైకి వచ్చినతోడనే చెఱువు తూమువంటి దగుచున్నది. టన్నుకు మించిన లోహమును గంటకు 80 కిలోమీటర్ల వేగమున నలుగురు నడచు బాటపై నడుపుట జన్మసిద్ధమైన హక్కుకాదు. సంఘము మనయందు విశ్వాసముంచి యిచ్చిన యనుమతి. ఆ యనుమతికి గుర్తే రిజిస్ట్రేషను పత్రము. బండి నంబరు, ఇంజను నంబరు, ఇంధనము, సీట్ల సంఖ్య, బరువు, రంగు మొదలగునవి యందు వ్రాయబడి యుండును. అది బండికి జాతకమువంటిది. పరీక్షింపబడి యంగీకరింపబడిన బండి యొకటియు, బాటపై దిరుగుచున్న బండి వేఱొకటియు నైనచో, ఆ యనుమతి దేనికిచ్చినట్లు?

చట్టము ఈ న్యాయమునే యనుసరించినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, తయారుచేసినవారు మొదట నిర్దేశించిన వివరములకు భిన్నముగా రిజిస్ట్రేషను పత్రములోని వివరము లుండునట్లు యజమాని బండిని మార్పరాదని శాసించుచున్నది. అయినను ద్వారమును బొత్తిగా మూసివేయలేదు. గ్యాసు, విద్యుత్తు మొదలగు వేఱొక యింధనముతో నడుచునట్లు ఆమోదముపొందిన సామగ్రితో మార్చుకొనుటకును, అంగవైకల్యము గలవారి సౌకర్యముకొఱకు బండిని దిద్దుకొనుటకును చట్టములో నవకాశ మున్నది. అట్టి మార్పులు చేసినవారు రవాణాశాఖవారికి దెలిపి పత్రమునందు వ్రాయించుకొనవలెను. 2019 జనవరిలో సుప్రీముకోర్టువారు కేరళ నుండి వచ్చిన యొక వ్యాజ్యమున నీ సెక్షనును వ్యాఖ్యానించి, నిర్మాణమును మార్పవచ్చునన్న హైకోర్టు తీర్పును త్రోసిపుచ్చిరి. రంగు మార్చుట, చిన్నచిన్న యమరికలు చేసికొనుట తప్పుగాదుగాని, తయారీదారుని మూలవివరములను మార్చు హక్కు యజమానికి లేదని నిర్ణయించిరి. అదే సంవత్సరము సవరింపబడిన చట్టములోని 182ఎ సెక్షను ప్రకారము, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆఱునెలలవఱకు ఖైదుగాని, మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. ధ్వనికిని వాయుకాలుష్యమునకును సంబంధించిన ప్రమాణములను మీఱినచో 190వ సెక్షను క్రింద 10,000 రూపాయలవఱకు జుల్మానా, మూడునెలలవఱకు ఖైదు గలవు.

“ఇది సర్కారువారి నిరంకుశత్వము” అని కొందఱు విసుగుకొందురు. కాని ఈ నిషేధముల వెనుకనున్న కారణములను తెలిసికొన్నచో విసుగు తగ్గును. కారు విడివిడి భాగములను గూర్చి కట్టిన మూటగాదు. శరీరమువలె నొక యంగమున కింకొక యంగము తోడై పనిచేయు నిర్మాణము. ఢీకొనినప్పుడు ముందుభాగము నలిగి, ఆ దెబ్బను తనలో నిముడ్చుకొని, లోపలివారిని రక్షింపవలెనని దానిని బుద్ధిపూర్వకముగా మెత్తగా నిర్మింతురు. దానిముందు ఉక్కుకమ్మి బిగించినచో దెబ్బ నలుగవలసినచోట నలుగక లోనికి బోవును. గాలిసంచిని విచ్చుకొనజేయు యంత్రము దెబ్బ తీవ్రతను తప్పుగా గ్రహించును. ఎదుట నడచిపోవు బాటసారికి ఆ కమ్మి గొడ్డలివంటిది. ఇందుచేతనే కేంద్ర రవాణా మంత్రిత్వశాఖవారు 2017 డిసెంబరులో నిట్టి గార్డులు 52వ సెక్షనుకు విరుద్ధములని రాష్ట్రములకు వ్రాసిరి. రక్షణకొఱకని కొన్న వస్తువే రక్షణను హరించుట యెంత విపరీతము!

తక్కినవియు నిట్టివే. చక్రముల చుట్టుకొలత పెరిగినచో వేగమును జూపు ముల్లు అసలు వేగముకంటె తక్కువ చూపును. బండిని పైకెత్తినచో మలుపునందు బోర్లపడు ప్రమాద మధికమగును. ఇంజను బలము పెంచి బ్రేకులను మునుపటివానినే యుంచుట, గుఱ్ఱమునకు దాణా పెంచి కళ్లెమును పాతదానినే వాడుటవంటిది. అధికశక్తి దీపములు ఎదుటివాని కన్నులను గ్రుడ్డిచేయును. వానికై కోసి యతికించిన తీగలు వేడెక్కి బండియే యంటుకొనవచ్చును. నల్లని ఫిలిముల విషయమున సుప్రీముకోర్టువారు 2012 ఏప్రిలులో నిషేధ ముత్తరువు చేసిరి. నాటి నియమము ప్రకారము ముందువెనుక అద్దములగుండ నూటికి 70 వంతులు, ప్రక్కయద్దములగుండ 50 వంతులు వెలుతురు ప్రసరింపవలెను. అందఱు నలంకారమని తలచు సీటుతొడుగు సహితము, సీటులోపల ప్రక్కగాలిసంచి యున్న బండియందు, దానిని విచ్చుకొననీయక పోవచ్చును. ఇక వంటయింటి గ్యాసుబండనుండి కారులోనికి గ్యాసెక్కించు దుర్వ్యాపారమును గూర్చి చెప్పనేల? ఆమోదముపొందిన గ్యాసుబండకే నియమితకాలమున కొకసారి ఒత్తిడిపరీక్ష చేయింపవలెనని నియమము గలదు. పిల్లలను పాఠశాలకు దీసికొనిపోవు బండిలో పరీక్షలేని బండను బెట్టుకొని తిరుగువాడు పొదుపరి కాడు.

ఇప్పుడు బీమా విషయమునకు వత్తము. మనదేశమున 1939 నాటి మోటారు చట్టములోని నిర్బంధబీమా భాగము 1946 జూలై 1వ తేదీనుండి యమలులోనికి వచ్చినది. బండివానికి ధనములేనంతమాత్రమున, వాని బండిక్రింద బడినవాని కుటుంబము వీథిపాలు గారాదనునదే దాని మూలభావము. నేటి చట్టములో 146వ సెక్షను ఈ నిర్బంధమును నిలిపియున్నది. మన పాలసీలో సామాన్యముగా రెండు భాగము లుండును: మన బండివలన పరులకు గలుగు హాని కొకటి, మన బండికే గలుగు నష్టమున కొకటి. మొదటిది నిర్బంధము, రెండవది మన యిచ్ఛ. ఈ భేదమును చదువరులు గుర్తుంచుకొందురుగాక. ముందు దీనితో పని యున్నది.

బీమాకంపెనీ తన యింటిసొమ్ము మన కిచ్చునని తలచుట పొరపాటు. వేలకొలది బండ్లవారు తలకొంత వేసి కూర్చిన యుమ్మడిసొమ్మునే ఆపద వచ్చినవాని కిచ్చును. ఎవరి బండివలన నెంత ప్రమాదశంక గలదో లెక్కించి ప్రీమియము నిర్ణయించును. ఇంజను బలమును పెంచికొనియు పూర్వపు ప్రీమియమునే చెల్లించువాడు ఉమ్మడివంటకు పిడికెడు బియ్యము పోసి నాలుగువిస్తళ్లు భుజించువానివంటివాడు. వాని కిచ్చిన సొమ్ము తక్కినవారి మీదనే పడును. తిలాపాపము తలాపిడికెడన్న సామెత యిచ్చట నక్షరాల వర్తించుచున్నది. పాప మొక్కనిది, పిడికెడు పంచుకొనువారు పదివేలమంది.

“నేనసత్య మాడలేదు. వారడుగలేదు, నేను చెప్పలేదు” అని యొకడనును. ఇది యీ వ్యాసమునకు జీవమైన ప్రశ్న. అడుగని విషయమును చెప్పకుండుట యసత్యమా? లోకవ్యవహారమున నన్ని మౌనములు నసత్యములు గావు. బజారున వంకాయలు కొనువాడు తన యింట నెందఱు చుట్టములున్నారో చెప్పనక్కఱలేదు. సరకు ఎదుట నున్నది, ఇరువురు నొకేరీతిని చూడగలరు. కాని యొకని కన్నులకే కనబడు విషయముపై నింకొకడు వెలకట్టవలసి వచ్చినప్పుడు, చూచినవాని మౌనము మాటతో సమానము. బండిని మార్చినవాడు యజమాని. కంపెనీవాడు దూరమున కాగితము జూచి వెలకట్టువాడు. కాగితమునం దున్నదే నిజమని వాడు నమ్ముచున్నాడని యెఱిగియు, ఆ నమ్మకమును చెదరనీయక లాభము పొందుట అసత్యముగాక మఱేమి?

ఈ ధర్మమును ఇంగ్లండులో లార్డు మాన్స్‌ఫీల్డు అను న్యాయాధిపతి 1766లో స్థాపించెను. సుమత్రాదీవిలోని మార్ల్‌బరో కోటకు గవర్నరైన యొకడు శత్రువులు పట్టుకొందురేమోయని దానికి బీమా చేయించెను. 1760లో ఫ్రెంచివా రా కోటను పట్టుకొనిరి. కోట బలహీనతను దాచెను గనుక సొమ్ము ఇయ్యమని బీమాచేసినవాడు వాదించెను. బీమా పరస్పర విశ్వాసముపై నిలుచు నొప్పందమనియు, ఒకడే యెఱిగిన విషయమును దాచుట వంచనయనియు న్యాయాధిపతి చెప్పెను. ఇంతవఱకు నందఱు నుదాహరింతురు. కాని యా తీర్పు చివరకు గవర్నరుకే యనుకూలమైనదని చెప్పువారు తక్కువ. బీమాచేసినవాడు తెలిసికొనదగిన విషయములను విచారింపక, సొమ్ము పుచ్చుకొని, నష్టము వచ్చిన పిమ్మట దాచితివని నిందించుట తగదని యందలి సారము. అనగా విశ్వాసధర్మము రెండువైపుల పదునుగల కత్తి. కొన్నవానిని గట్టివేసినట్లే అమ్మినవానినిగూడ గట్టివేయును. ఇంగ్లండువారు 2012లో గృహస్థుల బీమాకొఱకు వేఱొక చట్టము చేసి, అడుగుట కంపెనీ బాధ్యత, అడిగినదానికి జాగ్రత్తతో నిజము చెప్పుట గృహస్థుని బాధ్యత యని విభజించిరి. ఇది న్యాయమైన మార్గము.

ఇక, ప్రమాదము జరిగినది. మార్పుచేసిన సంగతి కంపెనీ యెఱుగదు. సర్వేయరు బండిచుట్టు దిరిగి చూచుచుండగా యజమాని దొంగకు తేలుకుట్టినట్లు నిలిచియుండును. అప్పుడేమగును? ఇచ్చట పైని జెప్పిన భేదము పనికివచ్చును.

మొదట బాటసారి విషయము. బాధితున కియ్యవలసిన సొమ్మును తప్పించుకొనుటకు కంపెనీ చెప్పదగిన కారణములను చట్టము 150వ సెక్షనులో పరిమితము చేసినది. ఆ పట్టికలో బండికి మార్పు చేయుటయను మాట విడిగా లేదు. కాని ముఖ్యవిషయమును దాచి పాలసీ పొందుటయను మాట గలదు. అయినను బాధితుని వట్టిచేతులతో బంపరాదను భావము మన న్యాయస్థానములలో బలముగా నున్నది. 2004లో డ్రైవరు లైసెన్సును గూర్చిన యొక ప్రసిద్ధ వ్యాజ్యమున సుప్రీముకోర్టువారు, షరతుభంగమును ఋజువుచేయు భారము కంపెనీదే యనియు, తగినచోట ముందు బాధితునకు చెల్లించి పిదప యజమానినుండి రాబట్టుకొనవచ్చుననియు తీర్పు చెప్పిరి. ఇందలి నీతి గమనింపుడు: యజమాని దోషమునకు బాటసారి పిల్లలు పస్తుండరాదు, కాని యజమానియు తప్పించుకొనరాదు. కంపెనీ రాబట్టుకొనునది మన యిల్లునుండి, మన పొలమునుండి.

రెండవది, మన బండికి గలిగిన నష్టము. ఇచ్చట రక్షణ తక్కువ. దాచిన మార్పువలననే నష్టము గలిగినచో, ఉదాహరణకు కోసి యతికించిన దీపపుతీగలవలన బండి తగులబడినచో, క్లెయిము నిరాకరింపబడిన నాశ్చర్యము లేదు. మార్పునకును నష్టమునకును సంబంధము లేనప్పుడు వివాదము పుట్టును. 2008లో సుప్రీముకోర్టు విచారించిన యొక వ్యాజ్యమున, సొంతవాడుకకు బీమాచేసిన బండిని బాడుగకు ద్రిప్పుచుండగా దొంగ లపహరించిరి. దొంగతనమునకును ఆ షరతుభంగమునకును సంబంధములేదని నూటికి 75 వంతులు యజమాని కిప్పించిన క్రిందితీర్పును సుప్రీముకోర్టువారు సమర్థించిరి. మార్చిన బండ్లవారికిని ఈ న్యాయము కొంత యూఱట గావచ్చును. కాని కోర్టుమెట్లెక్కి యేండ్లకు 75 వంతులు తెచ్చుకొనుటకంటె, ఒక యుత్తరము వ్రాసి మొదటనే నిజము దెలుపుట సులభముగాదా? చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట వివేకముగాదు. సగము తీఱని బ్యాంకు అప్పుమాత్రము, బండి బూడిదయైనను, నెలనెల తలుపు తట్టుచునే యుండును.

ఈ విషయమున గృహిణులకు దెలుపవలసిన ముఖ్యాంశ మొకటి గలదు. మన కుటుంబములలో బండిని భార్యపేరనో తల్లిపేరనో రిజిస్టరు చేయించు వాడుక గలదు. ఆమె చేసినదెల్ల చూపినచోట చేవ్రాలు చేయుట. పిమ్మట కుమారుడు ఆ బండికి ఫిరంగి సైలెన్సరు వేయించును. మఱది ముందు గార్డు బిగించును. ఆమె నడిగినవారు లేరు. కాని 182ఎ సెక్షను శిక్షించునది బండి యజమానిని. కంపెనీ సొమ్ము రాబట్టదలచినచో నోటీసు వచ్చునదియు నామె పేరనే. హక్కు లేక పేరుమాత్ర ముండుట మన స్త్రీల కనేకవిషయములలో ననుభవమే. ఇచ్చట పేరుతోపాటు శిక్షయు నామెదే యగుచున్నది. మైనరు కుమారుడు బండి నడిపినచో మఱింత కఠినము: 199ఎ సెక్షను ప్రకారము సంరక్షకునకో యజమానికో 3 సంవత్సరములవఱకు ఖైదును 25,000 రూపాయల జుల్మానాయు గలవు. కాబట్టి, “నా పేరనున్న బండికి నా కెఱుకలేక యేమార్పును జరుగరాదు” అని చెప్పు హక్కు ఇల్లాలికి గలదు. అట్లు చెప్పుట గయ్యాళితనము గాదు, గృహరక్షణము. చదువుకొన్న స్త్రీలు పాలసీని తీసి చదువవలెను. భర్తలు దానిని బీరువాలో దాచక యామెచేతి కియ్యవలెను.

దోషమంతయు గృహస్థునిదేయని చెప్పుట న్యాయముగాదు. పాలసీపత్రము సూక్ష్మమైన యక్షరములతో, న్యాయవాదులకే యర్థమగు నింగ్లీషులో నుండును. ఏజంటు ప్రశ్నలడుగక తానే “లేదు, లేదు” అని నింపి చేవ్రాలు చేయించుకొనును. నష్టము వచ్చిన దినమున ఆ “లేదు” మన యసత్యముగా నిలుచును. తెలుగువానికి తెలుగులో నడిగి, తెలుగులో వ్రాయించుకొనని కంపెనీకి, వాడు దాచెనని నిందించు నధికార మెంతమాత్ర ముండును? అడుగవలసినవా రడుగక ప్రీమియము పుచ్చుకొని, చెల్లింపవలసిన దినమున భూతద్దముతో దోషములు వెదకుటయు నొకవిధమైన వంచనయే. అట్టి యన్యాయము జరిగినప్పుడు గృహస్థునకు హైదరాబాదునందలి బీమా అంబుడ్జుమను కార్యాలయమును, వినియోగదారుల కమీషనులును గలవు. అంబుడ్జుమను కడకు బోవుటకు రుసుముగాని వకీలుగాని యక్కఱలేదు.

అమ్మువారి దోషమును చిన్నదిగాదు. సీటుబెల్టు పెట్టుకొనకున్నను హెచ్చరికగంట మ్రోగకుండ జేయు క్లిప్పును పెద్ద అంతర్జాల వర్తకసంస్థలే యమ్ముచుండగా, 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ ఐదు సంస్థల కాజ్ఞలిచ్చి 13,000కు పైగా నట్టి సరకుల ప్రకటనలను తొలగింపజేసెను. ఇట్టి క్లిప్పు వాడినవానికి బీమా సొమ్ము దొరకుట చిక్కగునని ఆ సంస్థ హెచ్చరించెను. కొద్ది రూపాయలకు మృత్యువును కొనుక్కొను నీ వ్యాపారము కొనువాని యజ్ఞానముపైనను అమ్మువాని యాశపైనను నడచుచున్నది. బాటపై కుఱ్ఱవానిని పట్టుకొని జుల్మానా వేయుచు, వాని కా వస్తువును బిగించిన యంగడి తలుపును తట్టకున్నచో చట్టము సగమే యమలైనట్లు.

మఱియు నావశ్యకమైన మార్పును అహంకారమునకై చేయు మార్పుతో నొకే గాటను గట్టరాదు. కాళ్లు చచ్చుబడినవాడు చేతితో నడుపునట్లు బండిని దిద్దించుకొన్నచో అది సంఘమునకు పండుగ. అట్టివానిని కార్యాలయము చుట్టు పదిమారులు త్రిప్పు గుమాస్తా చట్టమును నిలుపుచున్నవాడు గాడు, దాని యుద్దేశమును చంపుచున్నవాడు. నిజముగా మార్పు కోరువానికి రాచబాట చూపినప్పుడే దొంగదారి త్రొక్కువానిని శిక్షించుటకు సంఘమునకు నైతికాధికార ముండును. పరీక్షించువారు, రుసుము, గడువు ముందుగనే తెలిసియుండి, తెలుగులో ప్రకటింపబడి, చిన్నపట్టణములలోగూడ దొరకునట్లుండవలెను.

గృహస్థుడు చేయదగిన పనులు కఠినమైనవి గావు. మార్పుచేయింపకమునుపే, ఇది రిజిస్ట్రేషను పత్రమునందలి వివరమును మార్చునా యని విచారింపవలెను. మార్చునదియైనచో ముందుగా రవాణాశాఖ యనుమతి పొందవలెను. గ్యాసుసామగ్రి, విలువగల యమరికలు మొదలగువానిని కంపెనీకి వ్రాతమూలకముగా దెలిపి, కొంత ప్రీమియ మధికమైనను చెల్లించి, పాలసీపై వ్రాయించుకొనవలెను, నోటిమాట చాలదు. ప్రతిసంవత్సరము పాలసీని తిరుగ వ్రాయించునప్పుడు బండిచుట్టు నొకమారు నడచి, కాగితమును బండిని సరిపోల్చుకొనవలెను. పాతబండి కొనువాడు పూర్వపు యజమాని చేసిన మార్పులనుగూడ కొనుచున్నాడని యెఱుగవలెను. వానిని విచారించి, సరిదిద్దించి, బీమాను 14 దినములలోపల తనపేరికి మార్పించుకొనుటకు దరఖాస్తు చేయవలెను. యువకులున్న యింట తండ్రి కుమారునితో, “ఈ మార్పువలన బండి కేమి శోభ వచ్చును?” అని గాక, “ఎదుట వచ్చువాని కేమగును?” అని ప్రశ్నింపవలెను. ఆ ప్రశ్నకు జవాబు వెదకుచు పెరిగిన బిడ్డకు పోలీసుల భయ మక్కఱలేదు.

స్వాతంత్ర్యమనగా మన యిచ్ఛకు హద్దులేకుండుట గాదు. మన యిచ్ఛకు మూల్యమును మనమే చెల్లించుట. తన ముచ్చటకు తానే వెలయిచ్చువాడు స్వతంత్రుడు. తన ముచ్చటకు బాటసారి ప్రాణమును, తోటి బీమాదారుల సొమ్మును, ఇల్లాలి పేరును వెలగా నిచ్చువానిని వేఱొక పేరుతో బిలువవలెను. బండి మనదే, సందేహము లేదు. కాని చంకబిడ్డతో ప్రక్కగా నడచిపోవు కూలిమనిషికి సొంతమని చెప్పుకొనుటకు ఆ బాట తప్ప వేఱేమియు లేకపోవచ్చును. మన బండిని దిద్దించుకొను దినమున ఆమెను దలచుకొన్నచో, ఏ మార్పు తగినదో యేది తగనిదో మన మనస్సే చెప్పును. చెప్పినదానిని దాచక కాగితమునం దుంచుటయే మిగిలిన ధర్మము.